మైదానానికి పంపే ముందు: ఒక డ్రిల్లు టీచరు అనుభవ పాఠాలు

జూన్ 12న బడులు తెరుస్తారు. వానలు పట్టుకునేసరికి మండల స్థాయి ఆటల కబురు వస్తుంది. అండర్-14, అండర్-17 అంటూ జట్లు కట్టడం మొదలవుతుంది. మా చోడవరంలో కబడ్డీ అన్నా వాలీబాల్ అన్నా తల్లిదండ్రులకు బెంగ ఉండదు. నిక్కరూ బనీనూ ఉంటే పిల్లలు ఆడేస్తారు. ఫుట్‌బాల్ అనేసరికి మాత్రం కంగారు. "బూట్లు కావాలంట, కాళ్లకేవో కట్టుకోవాలంట, ఏటి కొనాలి టీచరుగోరూ?" అంటూ వస్తారు. ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కల బడుల్లోనే డ్రిల్లు టీచరుగా చేశాను. రిటైరయ్యాక కూడా ఈ ప్రశ్న అడగడానికి ఇంటికొచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. కొనాల్సినవి కొన్నే, అలవాటు చేయాల్సినవి చాలా. మ్యాచ్ రోజున పిల్లల ఒంటి మీద గానీ, కడుపులో గానీ కొత్తది ఏదీ ఉండకూడదు.

1. బూట్లు నెల ముందే కొనండి.

ఫుట్‌బాల్ బూట్లని పిల్లలు స్టడ్స్ అంటారు. జట్టులో పేరు వచ్చాక, మ్యాచ్ ఇంకో రెండు రోజులుందనగా అనకాపల్లో విశాఖో పరుగెత్తి కొనుక్కురావడం మనవాళ్ల పద్ధతి. కొత్త బూటు వెనక అంచు మడమకి రాసుకుంటుంది. సగం ఆట అయ్యేసరికి బొబ్బ లేస్తుంది, ఆట ముగిసేసరికి అది చిట్లి మేజోడు పుండుకి అతుక్కుపోతుంది. దాన్ని నీళ్లతో తడుపుతూ కొంచెం కొంచెంగా ఊడదీయాలి. ఆ నొప్పితో మర్నాడు మ్యాచ్ ఆడడం ఎవరి తరమూ కాదు. ఆట సంబరం కోసం ఎదురుచూసిన పిల్ల, బెంచీ మీద చెప్పుల్లేకుండా కూర్చుని మిగతావాళ్ల ఆట చూడాల్సి వస్తుంది.

సాయంత్రం పూట కొనండి. పొద్దంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, ఆడేటప్పుడూ అంతే. ఆటలో వేసుకునే మందపాటి మేజోళ్లు తొడిగించి, నిలబెట్టి చూడండి. పొడవాటి వేలి ముందు మీ బొటనవేలి వెడల్పులో సగం ఖాళీ ఉంటే చాలు. వచ్చే ఏడాదికీ పనికొస్తాయని రెండు సైజులు పెద్దవి తీసుకోవద్దు. యూనిఫాం లాగుకి ఆ లెక్క చెల్లుతుంది గానీ పరుగెత్తే కాలికి చెల్లదు. పాదం లోపల జారి చీలమండ మడత పడుతుంది. ఇంకో సంగతి, అడుగున పొడవాటి ఇనప బుడిపెలున్నవి మెత్తటి పచ్చిక మీద ఆడేవాళ్లకి. మన బడుల మైదానాలు ఎండితే రాయిలా ఉండే ఎర్రమట్టి. పొట్టి రబ్బరు బుడిపెలు ఎక్కువగా ఉన్నవే అడగండి. తెచ్చాక మొదటి వారం ఇంట్లో రోజూ అరగంట తొడుక్కుని తిరగనివ్వాలి. రెండో వారం ప్రాక్టీసులో సగం సేపు, ఆ తర్వాత పూర్తిగా.

మన దేశపు జట్టుకే ఈ పాఠం ఖరీదుగా దొరికింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతోనే ఫ్రాన్స్ మీద ఆడి, 2-1 తేడాతో ఓడినా మెప్పు పొందారు. 1952లో హెల్సింకీ చలిలో అలాగే దిగితే యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. ఆ తర్వాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. అప్పటి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన తర్ఫీదులోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. దేశం తరఫున ఆడిన పెద్దలకే బూట్లలోకి మారడానికి టైము పట్టింది. మన పిల్లలకి ఒక నెలైనా ఇవ్వాలి.

2. రిఫరీ గీత దగ్గరే ఆపేసే వస్తువులు కొన్ని ఉన్నాయి.

ఫుట్‌బాల్ నియమాల్లో నాలుగోది ఆటగాడి దుస్తుల గురించి. జెర్సీ, నిక్కరు, మేజోళ్లు, షిన్ గార్డులు, బూట్లు, ఈ ఐదూ ఉండాల్సిందే. షిన్ గార్డు మోకాలి కింది ఎముకకి కాపు. అది మేజోడు లోపలే ఉండాలి. పిల్ల కాలికి సరిపడే సైజు తీసుకోండి. పెద్దది తెచ్చి రబ్బరు బ్యాండుతో బిగించి కడితే పిక్కకి రక్తం ఆడదు, తిమ్మిరెక్కుతుంది.

అదే నియమం నగలని పూర్తిగా వద్దంటుంది. చెవిపోగు, ముక్కుపుడక, కడియం, మెడలో గొలుసు ఏదైనా తీసేయాలి. పైన టేపు అంటించుకుంటాం అన్నా ఒప్పుకోరు. మన ఇళ్లలో వేసవి సెలవుల్లో ఆడపిల్లలకి ముక్కు కుట్టించడం ఉంది. కుట్టిన కొత్తలో పుడక తీస్తే రంధ్రం పూడుకుపోతుంది, తీయకపోతే ఆడనివ్వరు. ఆ ముచ్చట సంక్రాంతికి పెట్టుకుంటే ఏ గొడవా లేదు. తాయెత్తు, మొక్కుదారం తీయాలంటే అమ్మమ్మలకి మనసొప్పదు. ముందు రోజే వాళ్లకి చెప్పి, దేవుడి గూట్లో పెట్టించి పంపండి. మైదానంలో అప్పటికప్పుడు తెంపమంటే పిల్ల బెదిరిపోతుంది.

3. సంచి పిల్లలే సర్దుకోవాలి.

అమ్మ సర్దిన సంచిలో ఏది ఎక్కడుందో పిల్లాడికి తెలియదు. మైదానం పక్కన మొత్తం కుమ్మరించి వెతుక్కుంటాడు, వెళ్లేటప్పుడు సగం అక్కడే వదిలేస్తాడు. పదేళ్ల పిల్లకి సంచి సర్దుకోవడం వస్తుంది. మీరు పక్కన కూర్చుని చూడండి, చెయ్యి పెట్టకండి.

నేను నేర్పిన వరస ఇది. అడుగున తిరిగొచ్చేటప్పుడు వేసుకునే పొడి బట్టలు, తువ్వాలు. వాటి మీద బూట్లు, విడిగా ఒక గుడ్డసంచిలో. ఆపైన జెర్సీ, నిక్కరు. అన్నిటికంటే పైన మేజోళ్లు, వాటిలోనే దూర్చిన షిన్ గార్డులు. కాళ్లకి కట్టుకునేవి ముందు కట్టుకుంటారు గనక ముందు చేతికి రావాలి. పక్క అరలో నాలుగు సేఫ్టీ పిన్నులు, ఒక జత బూటు లేసులు, జుట్టుకి రబ్బరు బ్యాండు, తడి బట్టలకి ఒక ప్లాస్టిక్ కవరు, ఇంటి ఫోన్ నంబరు రాసిన అట్టముక్క. బస్సులో వెళ్తే చిల్లర. మేజోళ్లు ఎప్పుడూ రెండు జతలు. గోలీగా ఆడే పిల్లకి గ్లౌజులు, మన గట్టినేల మీద పడుతూ లేస్తూ ఉండాలి గనక మోచేతులు కప్పే చొక్కా, పొడుగు పాంటు కూడా.

పేరు రాయడం మర్చిపోవద్దు. జట్టంతా ఒకే రంగు జెర్సీలు, ఒకే రకం మేజోళ్లు. మార్కరు పెన్ను ఉతుకులకి పోతుంది. కాలరు లోపల దారంతో ఇంటిపేరు మొదటి అక్షరం కుట్టండి, సీజనంతా ఉంటుంది.

4. నీళ్ల సంగతి ముందురోజు నుంచీ చూసుకోవాలి.

మన తీరం వైపు ఉక్క ఎక్కువ. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహం వేసినప్పుడే తాగుదామంటే పిల్లలకి అప్పటికే ఆలస్యం అవుతుంది. మ్యాచ్‌కి రెండు గంటల ముందు ఒక పెద్ద గ్లాసు, ఆట మధ్యలో వీలైనప్పుడల్లా నాలుగు గుక్కలు. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు, ముదురు రంగులో ఉంటే చాలనట్టు. ఈ గుర్తు పిల్లలకి సిగ్గుపడకుండా నేర్పండి. రాత్రి సీసాలో సగం దాకా నీళ్లు పోసి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి, పొద్దున్న మిగతా సగం మామూలు నీళ్లు పోస్తే మధ్యాహ్నం వరకూ చల్లగా ఉంటాయి. ఎవరి సీసా వాళ్లదే.

గంట లోపు ఆటకి మంచినీళ్లు చాలు. రోజంతా రెండు మూడు మ్యాచ్‌లు పడితే ఓఆర్ఎస్ వాడండి. కొనేటప్పుడు ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదవాలి. లీటరు నీళ్లలో కలిపే ఆ పొడి 20.5 గ్రాములు ఉంటుంది. ఓఆర్ఎస్ అన్న పేరు పెట్టుకుని చక్కెర పానీయాలు అట్టపెట్టెల్లో అమ్ముతుంటే, హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో దేశపు ఆహార భద్రతా సంస్థ ఆ పేరుతో అలాంటివి అమ్మకూడదని ఆదేశించింది. ఆ డాక్టరమ్మకి పిల్లలున్న ప్రతి ఇల్లూ రుణపడి ఉంది. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. కొలతలో చెయ్యి జారకూడదు, ఉప్పు ఎక్కువైతే మంచికి పోయి చెడు తెచ్చుకున్నట్టవుతుంది. పల్చటి మజ్జిగలో కాస్త ఉప్పు వేసి ఇచ్చినా మంచిదే.

5. ఇంట్లో రోజూ తినేదే మ్యాచ్ రోజున పెట్టండి.

ఆట ఉందని ఆ పొద్దున్నే నాలుగు గుడ్లు, ప్రోటీన్ పొడి, అరడజను అరటిపళ్లు కుక్కి పంపినవాళ్లున్నారు. పిల్ల తొలి పరుగుకే కడుపు పట్టుకుని కూర్చుంటుంది. మ్యాచ్‌కి మూడు గంటల ముందు ఇడ్లీయో, ఉప్మాయో, పెరుగన్నమో. గంట ముందు ఒక అరటిపండు. బజ్జీ, పూరీ ఆట అయ్యాక చూసుకోవచ్చు.

మన వైపు చోడి (రాగి) అంబలి కంటే మంచిది ఏ డబ్బాలోనూ లేదని నా నమ్మకం. పొద్దున్నే మజ్జిగ కలిపి తాగితే కడుపు బరువెక్కదు, ఆకలి ఆగుతుంది. తాగే అలవాటు లేని పిల్లకి మాత్రం మ్యాచ్ రోజున మొదలుపెట్టొద్దు, జూన్ నుంచే ఇవ్వండి. సగం ఆటయ్యాక విశ్రాంతిలో చిన్న బెల్లంముక్క, రెండు గుక్కల నీళ్లు. అనకాపల్లి బెల్లం బస్తాల కొద్దీ దొరుకుతుంటే మన పిల్లల సంచుల్లో రంగు చాక్లెట్లు ఉండడం నాకు మింగుడుపడదు. ఆట అయిన గంటలోపు పప్పన్నం, గుడ్డు, వేరుశెనగ ఉండ, ఏదో ఒకటి కడుపునిండా పడాలి. అలిసిన కండ అప్పుడే కోలుకుంటుంది.

6. ఆడపిల్లల సంచిలో ఇంకో అర ఉండాలి.

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి జట్టులో ఆడపిల్లల సంఖ్య ఎందుకు తగ్గిపోతుందో నాకు తెలుసు. ఆట మీద ఇష్టం పోయి మానరు. ఆ నాలుగు రోజులు ఏం చేయాలో ఎవరూ చెప్పరు, పరుగెత్తుతుంటే చూసేవాళ్ల చూపులు భరించలేరు, నోరు విప్పి అడగలేక మానేస్తారు. బిగువుగా ఉండే స్పోర్ట్స్ లోదుస్తులు రెండు జతలు, నిక్కరు లోపల ముదురు రంగు సైక్లింగ్ షార్ట్స్, ప్యాడ్లు, పాత పేపరు, ఒక నల్ల కవరు. ఇవి వేరే చిన్న పర్సులో పెట్టి, ఇంకా అవసరం రాని పిల్ల సంచిలో కూడా ఉంచండి. పక్క అమ్మాయికి పనికొస్తుంది. నెలసరిలో ఆడకూడదన్న నియమం వైద్యంలో లేదు. నొప్పి లేకపోతే ఆడొచ్చు, ఉంటే ఆగొచ్చు, అది పిల్ల ఇష్టం. ఆటలకి తీసుకెళ్లేవాళ్లలో ఒక్క ఆడమనిషైనా ఉండాలని బడిని అడగడం తల్లిదండ్రుల హక్కు.

నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య దేశం తరఫున ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బు జెర్సీ వేసుకుంది. మన భాష మాట్లాడే ఇంటి పక్క పిల్లే అంత దూరం వెళ్లిందని మీ అమ్మాయికి చెప్పండి.

7. కాగితాలు బూట్లంత ముఖ్యం.

ఎంట్రీ ఫారం మీద ఫోటో, హెడ్మాస్టరు సంతకం, బడి ముద్ర, పుట్టిన తేదీ రుజువు, ఆధార్ నకలు. పేరులో అక్షరం, పుట్టిన తేదీ అన్నిట్లో ఒకేలా ఉన్నాయో లేదో జూన్‌లోనే చూసుకోండి. సరిదిద్దించడానికి రోజులు పడతాయి. ఇక్కడ మనకో ప్రత్యేకమైన చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. పాత ఆధార్ కార్డుల మీద విశాఖపట్నం అనే ఉంటుంది, బడి ఇచ్చే కాగితం మీద అనకాపల్లి అని ఉంటుంది. అడిగితే చెప్పుకోవడానికి రెండూ దగ్గరుంచుకోవాలి. ప్లాస్టిక్ కవరులో పెట్టి టీచరుకే ఇవ్వండి, పిల్ల సంచిలో వద్దు. ఆడి వచ్చాక ఇచ్చే సర్టిఫికెట్లు భద్రంగా దాచండి. స్పోర్ట్స్ కోటా అంటూ తర్వాతెప్పుడో అడుగుతారు.

8. ఒళ్లు సిద్ధం కావడానికి ఆరు వారాలు.

వేసవంతా ఫోన్ పట్టుకుని కూర్చున్న పిల్లాణ్ణి వారంలో మైదానంలోకి తోస్తే కండ పట్టేస్తుంది. బడులు తెరిచిన నాటి నుంచే వారానికి మూడు రోజులు పరుగు, మొదట నెమ్మదిగా. ఆటకి ముందు ఒళ్లు వేడెక్కించే కసరత్తు ఒకటి ఫిఫా తయారుచేయించింది, పేరు 11 ప్లస్. 7 నుంచి 13 ఏళ్ల వాళ్లకి విడిగా ఉంది. పరుగు, ఒంటికాలి మీద నిలబడడం, గెంతి మెత్తగా దిగడం, పడడం నేర్చుకోవడం, అన్నీ కలిపి ఇరవై నిమిషాల లోపే. పరికరాలేవీ అక్కర్లేదు. యూరప్‌లో నాలుగు దేశాల పిల్లల మీద పరిశీలించి చూస్తే గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. మీ బడిలో చేయిస్తున్నారా అని అడగండి.

ఈ వయసులో మడమ వెనక నొప్పి, మోకాలి చిప్ప కింద నొప్పి తరచూ వస్తాయి. ఎముక ఎదిగే చోట కండ లాగడం వల్ల వచ్చేవి. నాటకం అనుకుని కసరకండి. కొన్నాళ్లు పరుగు తగ్గిస్తే సర్దుకుంటాయి. రాత్రిళ్లు నిద్రలేపే నొప్పి, ఒక్క వైపే తగ్గని వాపు ఉంటే డాక్టరుకి చూపించాలి.

9. దెబ్బ తగిలితే.

బెణికిన చోట వేడి నూనె రాసి పిసకడం మన ఇళ్లలో పాత అలవాటు. మొదటి రెండు రోజులు ఆ పని చేయొద్దు, వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టి, క్రేప్ బ్యాండేజి చుట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి. కాలు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించాలి.

తలకి దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. లేచి నవ్వుతూ నిలబడ్డా సరే, ఫైనలైనా సరే. వాంతి, మగత, అడిగిందే అడగడం, నడకలో తూలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి. ఇంగ్లండులో 2020 నుంచి చిన్నపిల్లలకి ప్రాక్టీసులో తలతో బంతి కొట్టడమే వద్దన్నారు. మనమూ పన్నెండేళ్లు దాటేదాకా ఆ నేర్పు వాయిదా వేసుకుంటే పోయేదేమీ లేదు.

ధనుర్వాతం టీకా, టీడీ అంటారు, పదో ఏట, పదహారో ఏట ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. వేయించారో లేదో కార్డు తీసి చూడండి.

10. మీరు ఒకసారి మైదానం చుట్టి రండి.

బడి మైదానంలో పెళ్లిళ్లూ సభలూ జరుగుతాయి. షామియానా వాళ్లు పీకకుండా వదిలేసిన మేకు, తల వంగి మట్టిలో కూరుకుపోయి, వానకి మట్టి కొట్టుకుపోయాక వేలెడంత బయటికి వస్తుంది. పదిమంది పెద్దవాళ్లు వరసగా నిలబడి ఒక చివర నుంచి ఇంకో చివరకి నేల చూస్తూ నడిస్తే అరగంటలో తేలిపోతుంది. గాజుపెంకులు, తుమ్మముళ్లు కూడా దొరుకుతాయి. గోలుపోస్టు పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. పాతకుండా నిలబెట్టిన ఇనప గోలుపోస్టులు మీద పడి పిల్లలు చనిపోయిన సంఘటనలు ప్రపంచంలో చాలా చోట్ల జరిగాయి. కదిలితే సరిచేసేదాకా ఆడనివ్వొద్దు.

11. గీత బయట నుంచి అరవకండి. కోచ్ ఒకటి చెబుతుంటే నాన్న ఇంకొకటి అరిస్తే పిల్లాడు బంతి వదిలేసి మీ వంక చూస్తాడు. చప్పట్లు కొట్టండి, ఎదుటి జట్టు పిల్లలకీ కొట్టండి. ఓడి వచ్చిన పిల్లకి బస్సులో మ్యాచ్ విశ్లేషణ వద్దు, తినడానికి ఏదైనా ఇవ్వండి.

12. తడిసిన బూట్లు పొయ్యి గట్టు మీద పెట్టొద్దు.

మన సీజను నడిచేది వానల్లోనే, అక్టోబరు వస్తే తుపాన్ల భయం కూడా. తడి బూటుని వేడి దగ్గర పెడితే జిగురు ఊడి అడుగు విడిపోతుంది. బురద తుడిచి, లేసులు విప్పి, లోపల పాత పేపరు ఉండలు కూరి ఫ్యాను కింద పెట్టండి. రెండు గంటలకోసారి పేపరు మార్చితే తెల్లారేసరికి ఆరతాయి. పిల్ల చేతే చేయించండి.

13. సీజను అయిపోయాక బూట్లు అటక ఎక్కించకండి.

పిల్లల పాదం ఏడాదికి పెరిగిపోతుంది. బూట్లు మాత్రం ఇంకా గట్టిగానే ఉంటాయి. స్టడ్స్ కొనలేక ఆట మానేసే పిల్లలు ప్రతి బడిలో ఉన్నారు. ఆటసామాను గదిలో ఒక అర ఖాళీ చేసి ఇమ్మని హెడ్మాస్టరుని అడిగితే కాదనరు. కడిగి, ఆరబెట్టి, రెండు బూట్లనీ లేసులతో కలిపి ముడివేసి అక్కడ పెట్టండి. బూటు నాలుక లోపలి వైపు సైజు అంకె పెద్దగా రాస్తే, వచ్చే జూన్‌లో కొత్త పిల్లలు తమ కాలికి సరిపోయేవి తామే తీసుకుంటారు.